గిన్నెలో కుడి సగం

రొయ్యకు ఒంట్లో బాగాలేకపోతే నాకు తెలిసిపోతుంది. ఇది గొప్పలకు చెప్పే మాట కాదు, నా పనే అది. ఇందుకూరుపేట మండలంలో, సముద్రం మోత వినపడేంత దూరంలో మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి. పదిహేనేళ్ళుగా నేనూ మా ఆయనా వాటి మీదే బతుకుతున్నాం. మోటార్లు, నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు, కరెంటు వాళ్ళతో కొట్లాటలు ఆయన వంతు. రొయ్యను చూసుకోవడం నా వంతు. మేత చల్లిన రెండు గంటలకు, గుంటలో తాడుకు కట్టి దించిన వల పళ్ళేన్ని పైకి లాగుతాను. చెక్ ట్రే అంటాం దాన్ని. అందులో ఎగిరే రొయ్యల్లో ఒకదాన్ని పట్టుకుని వెలుతురుకు ఎత్తి పేగు చూస్తాను. పేగు నిండుగా ఉంటే సంతోషం. తెగి తెగి ఉంటే అనుమానం. తెల్లగా కనపడితే ఆ రోజు నాకు అన్నం సహించదు.

ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట మేత తగ్గించేస్తాను. మిగిలిన మేత అడుగున కుళ్ళి గుంటంతా పాడవుతుంది. మిగిలితే తగ్గించు. మా పనిలో మొదటి పాఠం ఇది. కొత్తగా గుంటలు తవ్వించినవాళ్ళు నా దగ్గరికి వస్తే ముందు ఇదే చెబుతాను, కాస్త టెక్కుగా కూడా చెబుతాను.

అంత చూపున్న మనిషిని, నా కాళ్ళ దగ్గర తిరిగే కుక్క తలలో గడ్డ పెరుగుతుంటే ఐదు నెలలు కనుక్కోలేకపోయాను. చూడలేదని కాదు. చూశాను. చూసి నవ్వాను, మెచ్చుకున్నాను. ఫోన్లో వీడియోలు తీసి పదిమందికీ పంపాను. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. నాకే ఇంకా పూర్తిగా నమ్మకం కలగలేదు.

వాణ్ణి కుక్క అని అంటే మా ఆయనకు కోపం. వాడు అనాలి. వాడు పదేళ్ళ కిందట మైపాడు ఒడ్డు నుంచి చేపల బుట్టలో వచ్చాడు. తెచ్చింది మా గుంటల్లో మేత చల్లే అన్న. ఆయనది ఒడ్డున వేటకు పోయే కుటుంబం, నడుం నొప్పి వచ్చి పడవ మానేసి మా దగ్గర చేరాడు. బుట్టలో వలముక్క మీద, తడి ఇటుక రంగులో, ఒక చెవి నిలబెట్టి ఒక చెవి వాల్చి కూర్చుని ఉన్నాడు వాడు.

"గుంటల కాడ కుక్కేంది అన్నా? రొయ్యలు తినేస్తది," అన్నాను.

"తినేది పిడికెడమ్మా. కాపాడేది బుట్టెడు," అన్నాడు అన్న.

నిజమే. మా గుంటలకు పక్షులతో పెద్ద బాధ. కొంగ తినేసి పోతే తినేసి పోయిందనుకోవచ్చు, ఒక గుంటలో జబ్బు రొయ్యను ముక్కున కరుచుకుని ఇంకొక గుంటలో పడేసిందంటే రెండూ పోతాయి. పైన తీగలు కట్టినా నీటికాకులు ఎట్లాగో దూరతాయి. వాడు పెద్దవాడయ్యాక కట్ట మీదికి పక్షి దిగిన పాపాన పోలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఎండ వాలాక ఒకసారి కట్ట చుట్టి వచ్చేవాడు. మిగతా సమయం మేత షెడ్డు నీడలో పడుకునేవాడు. నాకు వాడంటే ప్రేమ అని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. కసరడం నా వంతు, ముద్దు చేయడం మా ఆయన వంతు. కాని అన్నం పెట్టేది మాత్రం నేనే. రెండు పూటలా సత్తు గిన్నెలో అన్నం, చేపల తలలు ఉడకబెట్టిన నీళ్ళు, ఆదివారమైతే కోడి మెడలు.

పోయిన పంట వేసిన కొత్తల్లోనే వాడు తిరగడం ఎక్కువ చేశాడు. మూడుసార్లు పోయి ఏడెనిమిది సార్లయింది. తర్వాత లెక్కలేదు. మిట్టమధ్యాహ్నం మేమందరం షెడ్డులో కూలబడి ఉంటే వాడు మాత్రం నాలుక వేలాడేసుకుని, తల కొంచెం వంచి, కట్ట మీద గుంట చుట్టూ పోతూనే ఉండేవాడు. మూల రాగానే తిరగడం, మళ్ళీ పోవడం.

"ఏంది సామీ వీడు, మా అందరికన్నా పనిమంతుడైపోయినాడు," అనేవాడు అన్న.

"వాణ్ణి చూసి బుద్ధి తెచ్చుకోండి," అనేదాన్ని నేను. మా ఆయన కునుకు తీస్తుంటే ఆయన్ని తట్టి లేపి మరీ చూపించేదాన్ని. చుట్టుపక్కల రొయ్యల రైతులందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అందులో వాడి వీడియోలు పెట్టాను. కింద 'మా సూపర్‌వైజర్ గారు' అని రాశాను. చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఒకాయన తన కుక్కను తెచ్చి మా వాడి దగ్గర ట్రైనింగుకు వదులుతానన్నాడు. నేను ఉబ్బిపోయాను.

రెండు మూడుసార్లు గుంటలో దిగి తడిసి వచ్చాడు. ఎండకు తట్టుకోలేక ఈతకు దిగాడనుకున్నాం. ఏరేటర్ దగ్గరికి పోతాడేమోనని భయపడి, ఒకసారి తాటిమట్టతో ఒక దెబ్బ కూడా వేశాను. మెల్లగానే. అయినా వేశాను.

అన్నం మిగల్చడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. గిన్నెలో సగం తిని, మూతి నాక్కుని, పక్కకు పోయేవాడు. మిగిలిన సగం కాకుల పాలు. కట్ట మీద కాకులు చేరితే నాకు ఒళ్ళు మంట. ఇక నేనేం చేశానో చెప్పనక్కర్లేదు. మేత మిగిలింది, తగ్గించాను. పెట్టే అన్నంలో మూడో వంతు తీసేశాను. తగ్గించినదాంట్లో కూడా సగం వదిలాడు. మళ్ళీ తగ్గించాను. మళ్ళీ సగం వదిలాడు.

"వాడు సన్నబడతా ఉండాడుమే," అన్నాడు మా ఆయన ఒకరోజు, వాడి పక్కటెముకల మీద చెయ్యి పెట్టి.

"తింటే గదండీ! పెట్టింది సగం పారేస్తా ఉండాడు. వయసయింది, అరగడంలా," అన్నాను.

నేను చెప్పానంటే ఆయనకు వేదం, మేత సంగతిలో. ఊరుకున్నాడు.

పట్టుబడి అయిపోయింది. రొయ్యలు లారీ ఎక్కాయి. తూములు తీసి గుంటలు ఎండబెట్టాం. వారానికి అడుగు బీటలిచ్చింది. నీళ్ళు లేవు, రొయ్య లేదు, పక్షి ఎందుకు వస్తుంది? వాడు మాత్రం ఎండిన గుంట చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అప్పుడు మొదటిసారి అన్న నవ్వకుండా చూశాడు.

"అమ్మా, గుంటలో ఏం లేదు గదా, ఇంకా దేన్ని కాస్తా ఉండాడు వీడు?"

"అలవాటు అన్నా," అన్నాను. నా దగ్గర అన్నిటికీ జవాబుంటుంది. అదే నా రోగం.

ఆ మర్నాడు మేత సంచులు లెక్కచూడ్డానికి షెడ్డులోకి పోతే, వాడు మూలన గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. పిలిచాను. కదల్లేదు. దగ్గరికి పోయి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. గోడను నెట్టేవాడిలాగా తల ఆనించి అట్లాగే ఉన్నాడు. మెడపట్టీ పట్టి వెనక్కి లాగితే వచ్చాడు. వచ్చి, ఎడమవైపు చిన్న సున్నా చుట్టాడు. మళ్ళీ చుట్టాడు. కట్ట లేదు, గుంట లేదు, షెడ్డు మధ్యలో సిమెంటు నేల మీద చుడుతున్నాడు. నా గుండె జారిపోయింది. ఎందుకు జారిందో చెప్పలేను, జబ్బు రొయ్య కట్ట వారకు వచ్చి చేరితే జారుతుందే, అట్లా.

మా ఆయన్ని పిలవడానికి బయటికి వచ్చాను. వెనక దబ్బుమని చప్పుడు. వాడు పడిపోయాడు. కాళ్ళు నాలుగూ పరుగెత్తుతున్నట్టు కొట్టుకుంటున్నాయి. దవడ టకటక కొట్టుకుంటోంది, నురగ వస్తోంది, కింద తడి. పక్క గుంట వాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. ఒకతను కర్ర తెచ్చాడు.

"పిచ్చి పట్టినట్టుండాది, దగ్గరికి పోబాకండి!" అని అరిచారెవరో. ఎవరో ఏముంది, ఆ అరుపు నాదే. అది నాకు మా ఆయన తర్వాత చెప్పాడు.

ఆయన ఆగలేదు. తన తువ్వాలు వాడి తల కింద పెట్టి, కర్ర తెచ్చినతన్ని ఒక్క చూపు చూశాడు. "ఏటేటా సూదులు ఏపిస్తా ఉంటే పిచ్చేందిరా? కర్ర అవతల పడెయ్!" అన్నాడు. ఆయన గొంతు అట్లా లేవడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను వినలేదు. రెండు నిమిషాలకు కొట్టుకోవడం ఆగింది. వాడు లేచాడు. మమ్మల్ని ఎవర్నీ గుర్తుపట్టలేదు. లేచి, ఎడమకు తిరిగి, సున్నా చుట్టడం మొదలుపెట్టాడు.

నెల్లూరులో కుక్కల డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తీసుకుపోయాం. నాకన్నా పదేళ్ళు చిన్నది, నిదానస్తురాలు. వాణ్ణి బల్ల ఎక్కించకుండా నేల మీదే వదిలి, తనూ నేల మీద కూర్చుని కాసేపు ఊరికే చూసింది. వాడు ఆమె చుట్టూ తిరుగుతున్నాడు.

"ఎప్పుడూ ఇటే తిరుగుతాడా?"

"కట్ట చుట్టూ తిరుగుతాడమ్మా. కాపలా," అన్నాను.

"అది సరే. ఎప్పుడూ ఇటేనా? కుడికి తిరిగింది చూసినారా ఈ మధ్య?"

నేనూ మా ఆయనా ముఖాలు చూసుకున్నాం. వాడు ఎటు తిరుగుతున్నాడో చూడాలని ఎవరికి తోస్తుంది?

ఆమె వాడి కన్ను ఒకటి మూసి, రెండోదాని ముందు చెయ్యి ఆడించింది. ఎడమ కన్ను రెప్ప కొట్టింది. కుడి కన్ను కొట్టలేదు. కుడివైపు నుంచి దూదిపింజె వదిలింది, వాడు చూడలేదు. ఎడమవైపు వదిలితే తల తిప్పాడు. కుడివైపు నిలబడి చిటిక వేసింది. వాడు చెవి నిక్కించాడు, కాని కుడికి తిరగలేదు. ఎడమకు తిరిగి, ఒళ్ళంతా చుట్టుకుని, ఆమె దగ్గరికి చేరాడు.

"అన్నం ఎట్లా తింటా ఉండాడమ్మా?"

"సగం వదిలేస్తాడు."

"ఏ సగం?"

ఇప్పటికీ పనిలో ఉన్నప్పుడు ఉన్నట్టుండి ఆ మాట వినపడుతుంది నాకు. ఏ సగం. పదిహేనేళ్ళుగా ట్రేలో మిగిలిన మేతను గింజ గింజ చూసే మనిషిని. ఎంత మిగిలింది, ఏ పూట మిగిలింది, ఏ గుంటలో మిగిలింది, అన్నీ చెబుతాను. గిన్నెలో ఏ పక్కన మిగిలిందని నన్నడిగితే నాకు తెలియదు.

ఆమె ఒక పళ్ళెంలో బిస్కెట్లు పరిచి వాడి ముందు పెట్టింది. వాడు గబగబా తిన్నాడు. ఎడమవైపువన్నీ తిని, మధ్యలో గీత గీసినట్టు ఆగాడు. మూతి నాక్కున్నాడు. ఇంకేం లేదన్నట్టు తల ఎత్తాడు. కుడి సగంలో బిస్కెట్లు అట్లాగే ఉన్నాయి. డాక్టరమ్మ పళ్ళేన్ని అటుది ఇటు తిప్పింది.

వాడు ఉలిక్కిపడ్డాడు. నిజంగా ఉలిక్కిపడ్డాడు, ఎక్కణ్ణుంచో తిండి ఊడిపడినట్టు. తర్వాత ఎంత ఆత్రంగా తిన్నాడంటే పళ్ళెం నేల మీద జరుగుతూ గోడ దాకా పోయింది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వాడికి అరగక కాదు. తినబుద్ధి కాక కాదు. వాడి లెక్కలో గిన్నె ఖాళీ. రోజూ ఖాళీ గిన్నె ముందు నుంచి ఆకలితో లేచి పోయాడు. నేను మిగిలిందని తగ్గించాను. తగ్గించినదాంట్లో మళ్ళీ సగమే వాడికి కనపడింది.

"బాగా చిక్కిపోయి ఉండాడు. తిండి తగ్గించినారా?" అని అడిగింది ఆమె.

"మిగిలితే తగ్గిస్తాం గదమ్మా," అన్నాను. అనేశాక ఆ మాట నా చెవిన పడింది. మా ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. వాడి వీపు నిమురుతూ ఉండిపోయాడు.

ఆమె కాగితం మీద గీసి చెప్పింది. వినేటప్పుడు సగం బుర్రకెక్కలేదు, తర్వాత ఇంట్లో ఆ కాగితం ముందు పెట్టుకుని అర్థం చేసుకున్నాను. మనిషికైనా కుక్కకైనా మెదడుకు రెండు సగాలు. ఎడమ సగం కుడివైపు లోకాన్ని చూసుకుంటుంది, కుడి సగం ఎడమవైపు లోకాన్ని. ఎడమ సగంలో గడ్డ లేచి ఒత్తుతుంటే, కన్ను బాగానే ఉన్నా కుడివైపున్న లోకం వాడి లెక్కలోంచి పోతుంది. మసకగా కనపడడం కాదు, అసలు ఆ వైపు అంటూ ఒకటుందని తెలియదు. నడిస్తే గడ్డ ఉన్న వైపుకే ఒళ్ళు లాగుతుంది, అందుకే ఆ చుట్టడం. తల గోడకు ఆనించడం, పెద్ద వయసులో కొత్తగా ఫిట్స్ రావడం, ఇవన్నీ ఒకే దారి చూపిస్తున్నాయని అంది. వయసు మళ్ళిన కుక్కల్లో ఇది వస్తుందట. ఎందుకొస్తుందో గట్టిగా చెప్పలేమట. తిండి వల్ల కాదు, దెబ్బ వల్ల కాదు అని నేను అడగకుండానే చెప్పింది. తాటిమట్ట సంగతి నా ముఖాన రాసి ఉందేమో. "స్కాన్ తీస్తే గాని నూటికి నూరు అనలేనమ్మా," అంది చివర్న.

స్కాన్ చెన్నైలో. కారు మాట్లాడుకుని పోయాం. చిల్లకూరు దగ్గర హైవే పక్కన నీళ్ళు పట్టడానికి ఆపితే, వాడు కారు చుట్టూ తిరిగాడు. ఎడమవైపే. టీ తాగుతున్న లారీ డ్రైవర్ ఒకాయన చూసి, "బండికి కాపలానా? భలే కుక్కమ్మా," అన్నాడు. ఆ మనిషి తప్పేముంది, ఐదు నెలలు నేనూ అదే అన్నాను. అయినా కొట్టాలన్నంత కోపం వచ్చింది.

దారిలో ఫోన్ తీసి పాత వీడియోలు చూశాను. చూడకుండా ఉండాల్సింది. అన్నిట్లోనూ నీళ్ళు వాడికి ఎడమవైపే. ఒక్కదాంట్లో కూడా కుడివైపు లేవు. ఒక వీడియోలో కట్టకు అవతలి వాలులో, వాడి కుడి పక్కన మూడడుగుల దూరంలో, ముంగిస కూర్చుని రొయ్య తింటోంది. వాడు దాన్ని దాటుకుని పోయాడు. అది వాణ్ణి చూసి పారిపోబోయి, వాడు చూడకపోయేసరికి మళ్ళీ కూర్చుని తింది. వెనక నా గొంతు, పకపకా నవ్వుతూ, 'సూపర్‌వైజర్ గారికి చిన్న దొంగలు ఆనరు' అంటోంది. గ్రూపులో దానికే ఎక్కువ చప్పట్లు వచ్చాయి. గుంట ఎడమ పక్కన ఉంది కాబట్టి నీళ్ళ మీది కొంగలన్నీ వాడికి కనపడ్డాయి, వాటిని తరిమాడు. సగం లోకంతోనే వాడు మా పని చేసి పెట్టాడు. అందుకే మాకు తెలియలేదు.

మత్తిచ్చి స్కాన్ తీశారు. కుక్క మెదడు మొత్తం కలిపి పెద్ద నిమ్మకాయంత ఉంటుందట. అందులో ఎడమ పక్కన రేగ్గాయంత తెల్లటి ముద్ద. తెర మీద ఆ తెల్లదనం చూడగానే, అందరిలాగా నేను ఏడవలేదు. నా మీద నాకే కోపం వచ్చింది. రొయ్యకు తెల్లమచ్చ జబ్బు వస్తే దూరం నుంచే పసిగట్టేదాన్ననే పేరు నాది.

నెల్లూరు డాక్టరమ్మ ఆ బొమ్మలు చూసి దాపరికం లేకుండా చెప్పింది. ఆపరేషన్ చేసేవాళ్ళు దేశంలో ఉన్నారు, కాని ఇది లోతుగా ఉంది, ఈ వయసులో బల్ల మీది నుంచి లేస్తాడని తను మాటివ్వలేదు. మందులతో వాపు తగ్గుతుంది, ఫిట్స్ తగ్గుతాయి, గడ్డ మాత్రం పోదు. నెలలు అంది. ఎన్ని నెలలని అడిగాడు మా ఆయన. ఆమె వేళ్ళు చూపించలేదు. "బాగున్న రోజులు లెక్కపెట్టుకోండి అన్నా," అంది.

ముందే తెచ్చి ఉంటే? అని అడిగాను. గడ్డను ఆపలేకపోయేవాళ్ళం, కాని ఈ ఐదు నెలలూ వాడు హాయిగా ఉండేవాడు అంది. ఆమె అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ మాటకు ఆమె మీద గౌరవం ఉంది, ఇంకా మంట కూడా ఉంది.

మందు మొదలుపెట్టిన నాలుగో రోజు జరిగింది చెప్పాలి. నేను ఎండిన గుంట కట్ట మీద నడుస్తున్నాను. వాడు ఎదురుగా వస్తున్నాడు. గుంట వాడికి కుడివైపు ఉంది. నాకు ఒక క్షణం అర్థం కాలేదు, తర్వాత ఒళ్ళు ఝల్లుమంది. "ఏమండీ! కుడికి వస్తా ఉండాడండీ! వాడు కుడికి వస్తా ఉండాడు!" అని కేకలు పెట్టాను. మా ఆయన మోటారు వదిలేసి, చేతులకు గ్రీజుతోనే పరుగెత్తుకొచ్చాడు. అన్న కూడా వచ్చాడు. ముగ్గురం కట్ట మీద నిలబడి, ఒక కుక్క నడవడం చూసి ఏడ్చాం. గ్రూపులో పెట్టలేదు.

వాపు తగ్గింది కాబట్టి కొంత లోకం తిరిగి వచ్చిందట. మూడు నెలలు ఉంది ఆ లోకం. మందుకు ఆకలి పెరిగింది, అడిగినంత పెట్టాను. పెట్టి, పక్కనే కూర్చుని, వాడు ఆగగానే గిన్నె తిప్పేదాన్ని. కుడి సగం కూడా కనపడుతున్న రోజుల్లోనూ తిప్పాను. మా ఆయన నవ్వేవాడు, నేను మానలేదు. కొత్త పంటకు రొయ్యపిల్ల వదిలాం. చెక్ ట్రే లాగినప్పుడు మేత మిగిలితే, నాకిప్పుడు చెయ్యి చప్పున తగ్గించదు. ముందు ట్రేను అటూ ఇటూ తిప్పి చూస్తాను. రొయ్యలకు అది పనికిరాదని తెలుసు.

తర్వాత నీళ్ళు మళ్ళీ ఎడమవైపుకు వచ్చేశాయి. చుట్టడం చిన్నదై, చిన్నదై, వాడు పడుకునే గోనెపట్టా అంత అయింది. ఫిట్స్ మందు పెంచినా రోజూ వచ్చేవి. వచ్చి పోయాక వాడు మా ఆయన్ని కూడా గుర్తుపట్టని సమయం పెరిగింది. అదొక్కటే ఆయన తట్టుకోలేకపోయాడు. "ఇంక చాలుమే వాడికి," అని ఆయనే అన్నాడు. నేనైతే అని ఉండేదాన్ని కాదు, నాకు ఆ హక్కు లేదనిపించింది.

వాణ్ణి నొప్పి లేకుండా పంపే సూది తీసుకుని డాక్టరమ్మ ఒక మధ్యాహ్నం గుంటల దగ్గరికే వచ్చింది. షెడ్డు నీడలో గోనెపట్టా మీద వాడు, వాడికి ఎడమ పక్కన మా ఆయన, కాళ్ళ దగ్గర అన్న. నేను చేపల తలల అన్నం కలిపి గిన్నె తెచ్చాను.

"ఇటు రామే, వాడికి కనపడేవైపు కూర్చో," అన్నాడు మా ఆయన జరిగి చోటిస్తూ.

నేను పోలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని వాడికి కుడివైపు కూర్చున్నాను. కావాలనే. వాడి ఎదుట పడడానికి నాకు ముఖం చెల్లలేదు. ఐదు నెలలు కడుపు మాడ్చిన మనిషిని. ఆ వైపు ఒకటుందని వాడికి తెలియదు కదా, అక్కడ కూర్చుంటే నేను లేనట్టే అనుకున్నాను. డాక్టరమ్మ సంచి తెరిచింది.

వాడి ముక్కు కదిలింది. నిలబడ్డ చెవి ఇంకా నిలబడింది. ముందుకాళ్ళు ఊని లేవబోయాడు. మా ఆయన పట్టుకోబోతే డాక్టరమ్మ వద్దని తల ఊపింది. కుడికి జానెడు తిరిగితే నేనున్నాను. ఆ జానెడు వాడికి లేదు. అందుకని ఎడమకు తిరిగాడు. మా ఆయన మోకాళ్ళను రాసుకుంటూ, అన్న కాళ్ళను తొక్కుకుంటూ, రెండుసార్లు కూలబడి, లేచి, చుట్టంతా తిరిగి నా దగ్గరికి వచ్చాడు. వచ్చి నా మోచేతి కింద తల దూర్చాడు.

గిన్నె కింద పెట్టాను. ఎడమ సగం తిన్నాడు. మూతి నాక్కుని ఆగాడు. గిన్నె తిప్పాను. మిగతాది కూడా తిన్నాడు. డాక్టరమ్మ ఆగింది, మేమంతా ఆగాం. గిన్నెలో ఒక్క మెతుకు మిగల్లేదు.